గోల్ఫ్ బండ్ల షెడ్డు కింద కుర్చీ

గోదావరికి ఈ ఒడ్డున సూర్యుణ్ని నౌకరీలో పెట్టుకున్న మొదటి మనిషిని నేను. ఇప్పుడు మీరు మేడల మీద నల్లపలకలు పరుచుకుని, బ్యాటరీ ఆటోలెక్కి తిరుగుతూ ఇదంతా నిన్నమొన్న పుట్టిన విద్య అనుకుంటున్నారు. తొంభైల మొదట్లోనే, మంచిర్యాల దిక్కు ఒక బొగ్గు గని దగ్గర, మట్టిగుట్ట మీద, ఎలక్ట్రిక్ బండ్లకు ఎండతో ఛార్జింగ్ పెట్టే స్టేషన్‌ను నేనొక్కడినే ఆలోచించి, నేనొక్కడినే గీసి, నేనొక్కడినే కట్టాను. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీర్లు నోరు తెరిచి చూశారు. ఢిల్లీ దాకా పేరు పోయింది.

ఢిల్లీ సంగతి అబద్ధం. ఇంజనీర్లు వచ్చింది నిజం, నోరు తెరిచిందీ నిజం. కానీ అది ఆవలింత. మిగతా దాంట్లో ఎంత నిజమో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. ముందు నన్ను ఒక్కసారి గొప్పగా నిలబడనివ్వండి. కూర్చోబెట్టేవాళ్లు ఎట్లాగూ ఉన్నారు.

మాది కరీంనగర్ దిక్కు, నాలుగెకరాలు ఎక్కువే ఉన్న ఇల్లు. నాగలి పట్టడం చేతకాక అరవై తొమ్మిదిలో గనిలో ఎలక్ట్రికల్ హెల్పరుగా చేరాను. అందుకే అందరూ నన్ను ‘పటేలా’ అని వెక్కిరించేవారు. వెక్కిరింత అని తెలిసినా నేను మర్యాదగానే తీసుకునేవాణ్ని. ఈ కథ జరిగేనాటికి లాంప్ రూమ్‌కు ఫోర్‌మన్‌ని.

లాంప్ రూమ్ అంటే ఏమిటో ఒక్క మాట చెప్పాలి. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీ మీద ఒక దీపం, నడుముకు దాని బ్యాటరీ. పైకొచ్చాక వాటిని మా కిటికీలో అప్పగించి ఇంటికి పోతాడు. మేం వాటిని ఛార్జింగుకు తగిలించి, మళ్లీ షిఫ్టుకు నిండుగా తీసి ఇస్తాం. ఎవరి నంబరు దీపం వారిదే. ఎవరైనా చనిపోతే, గనిలో పోయినా ఇంట్లో పోయినా, దినాలయ్యేదాకా అతని దీపం ఇంకొకరికి ఇవ్వం. ఇవ్వకపోగా రోజూ ఛార్జింగు మాత్రం పెడతాం. ఇది ఏ రూలులోనూ లేదు.

“ఎవ్వడు పెట్టుకోని దీపానికి కరెంటు దండుగ గాదె?” అని ఒకసారి నేనన్నాను.

“తొవ్వ దూరమున్నది పటేలా. చీకట్ల పోతడా?” అన్నాడు నా జోడీదారు.

జోడీదారు భైంసా దగ్గరి పత్తిచేల నుంచి వచ్చినవాడు. కోపమొస్తే మరాఠీ, సంతోషమొస్తే మరాఠీ. మామూలుగా ఉన్నప్పుడే తెలుగు. నేను చేరిన ఏడే తనూ చేరాడు. కాకపోతే నేను పైన తీగల దగ్గర, తను కింద తట్టల దగ్గర. బొగ్గు నింపి నింపి, దుమ్ము తాగి తాగి ఊపిరి సగమయ్యాక డాక్టరు పైకి పంపితే నా దగ్గరికి వచ్చాడు. చోటు మారింది గానీ బాధ మారలేదు. అన్ని బ్యాటరీలు ఒక్కచోట ఛార్జి అవుతుంటే యాసిడ్ ఆవిరి గొంతులో గీరుతుంది. మాకు గీరేది. అతనికి కోసేది. దీపాలు తగిలిస్తూ మధ్యలో ఆగి, చట్రం పట్టుకుని దగ్గేవాడు. దగ్గు అయిపోయాక, ఎవరో వేరేవాడు దగ్గినట్టు అటూ ఇటూ చూసేవాడు.

ఒకరోజు అతని భార్య సద్దిగిన్నెతో కిటికీ దగ్గరికి వచ్చింది. గిన్నె చేతికివ్వలేదు.

“అన్నా, గీ వాసన నీకు ఎట్ల పడుతది?”

“అలవాటైంది చెల్లె.”

“ఆయనకు అయితలేదు. దునియ మొత్తం నాతోనే నడుస్తదంటవ్ గద. నడిపియ్యి. గీ రూమ్‌లకెల్లి ఆయనను బయటికి తియ్యి.”

“మెడికల్ బోర్డుకు పోతె…”

“బోర్డుకు పోతె అన్‌ఫిట్ అంటరు. అన్‌ఫిట్ అంటె క్వార్టర్ ఖాళీ. ఖాళీ జేసి ఏడికి పోవాలె? భైంసాల మాకు నిలవడ్డ గోడ గూడ లేదు.”

గిన్నె కిటికీలో పెట్టి వెళ్లిపోయింది. పిల్లల్లేని ఇల్లు వాళ్లది. ఒకరికొకరు తప్ప ఆ క్వార్టరే ఆస్తి.

అతని నౌకరీ ఉండాలి, లాంప్ రూమ్ ఉండకూడదు. నా ముందున్న చిక్కు అదీ. సూర్యుడు నాకు ఆ తర్వాత తట్టాడు.

ఆ రోజుల్లోనే మా పెద్దసారు, అంటే జనరల్ మేనేజరు, గని తవ్విపోసిన మట్టిగుట్టను చదును చేయించి, గడ్డి పెంచి, గోల్ఫ్ మైదానం చేయించారు. ఆటగాళ్లు ఎక్కి తిరగడానికి బొంబాయి నుంచి రెండు ఎలక్ట్రిక్ బండ్లు లారీలో దిగాయి. పైన గుడ్డ కప్పు, చిన్న చక్రాలు, చప్పుడు లేని నడక. వాటిని చూడటానికి మా షిఫ్టు షిఫ్టంతా పోయింది.

“బంతిని కొట్టుడెందుకు, బండేసుకొని దాన్ని ఎతుకుడెందుకు? చేతుల పట్టుకొని కూసుంటె పాయె,” అన్నాడు జోడీదారు.

బండ్లలోవి బ్యాటరీలే కాబట్టి వాటిని మా లాంప్ రూమ్‌లో ఛార్జింగు పెట్టమని హుకుం వచ్చింది. అంటే జోడీదారుకు ఇంకా కొంత యాసిడ్ గాలి. ఆ మధ్యాహ్నం నేను టోపీ సర్దుకుని పెద్దసారు గదిలోకి పోయాను.

“సార్, బండ్లను గుట్ట మీదికెల్లి లాంప్ రూమ్‌కు తెచ్చుడు, తీస్కపోవుడు… సగం కరెంటు తొవ్వలనే అయిపోతది. గుట్ట మీదనే షెడ్డేసి సోలార్ పలకలు పెడ్దాం. ఎండ మనకు ఫిరీ.”

“నీకు వచ్చా ఆ పని?”

“చిన్నప్పటి సంది అదే పని సార్.”

“చిన్నప్పుడు సోలార్ ఎక్కడిదయ్యా?”

“ఎండ ఉండె గద సార్.”

సారు నవ్వారు. నవ్విన ఆఫీసరు దగ్గర రెండో కోరిక వెంటనే అడగాలి, ఇది నా ఉద్యోగ జీవితమంతా నాకు పనికొచ్చిన ఏకైక విద్య. షెడ్డు దగ్గర కూర్చుని బండ్లు చూసుకునే డ్యూటీ ఒకటి కావాలని, దానికి మనిషి కూడా ఉన్నాడని చెప్పాను.

“బండ్లు ఎండతో నడిచినన్నాళ్లు అతను అక్కడే ఉంటాడు. నడవలేదంటే నా చేతిలో ఏమీ లేదు ఫోర్‌మన్. బోర్డుకు పంపాల్సిందే.”

కాబట్టి నా సూర్యభక్తి వెనుక ఉన్నది ఇంతే. గాలాడే చోట, నీడలో, ఒక కుర్చీ.

నేనొక్కడినే గీశానన్నాను గదా. సికింద్రాబాద్‌లో పలకలు అమ్మే దుకాణం వాడు సిగరెట్టు పెట్టె వెనుక గీసిచ్చాడు. నేను దాన్ని పెద్ద కాగితం మీద పెద్దగా గీశాను. మూడేసి పలకలను ఒకదాని తోకకు ఒకటి కట్టినట్టు కలిపితే బండి బ్యాటరీలకు సరిపడే ఓల్టేజీ వస్తుంది. అట్లాంటి వరుసలు కొన్ని, దక్షిణం వైపు కొంచెం వాల్చి, రేకుల కప్పు మీద బిగించాలి. కింద రెండు బండ్లకు చోటు, గోడకు ఒక మీటరు. ఇంతే డిజైను. రేకులు వేసింది వెల్డరు. పలకలు పట్టుకున్నది జోడీదారు. నేను కింద నిలబడి “జర ఎడమకు, జర కుడికి” అన్నాను. దాన్నే మా దగ్గర కట్టడం అంటారు.

పలకలను రేకులకు అతికినట్టు బిగించాం. గాలిదుమారం వస్తే ఎగిరిపోతాయని భయం. దుకాణం వాడు వేడి గురించి ఏదో చెప్పబోయాడు. నేను ఆపాను. ఎండ గురించి మా దిక్కు మనిషికి సికింద్రాబాద్ వాడు చెప్పడమేమిటి? రోళ్లు పగిలే ఎండ మాది.

పుష్యమాసపు చలిలో మొదటిసారి స్విచ్ వేశాం. మీటరు ముల్లు లేచి నిలబడింది. జోడీదారు మరాఠీలో ఏదో అరిచాడు. “సల్లటి ఎండకే గింత లేస్తె, ఎండాకాలం ముల్లు మీటరు పగలగొట్టుకొని బయటికొస్తది,” అన్నాను. ఆ మాట సారుకు చెప్పాను, క్యాంటీన్‌లో చెప్పాను, మంచిర్యాల సంతలో కూరగాయలమ్మే ఆమెకు కూడా చెప్పాను.

లాంప్ రూమ్ నుంచి ఒక చెయ్యి విరిగిన టేకు కుర్చీ తెచ్చి షెడ్డు కింద వేశాను. విరిగిన చెయ్యిని జోడీదారు పాత దీపం పట్టీతో చుట్టి కట్టాడు. ఆ చలికాలం అతను అక్కడ కూర్చున్నాడు. ముందు గడ్డి, దూరంగా గోదావరి మీద పొగమంచు. దగ్గు పోలేదు గానీ దూరం దూరంగా వచ్చేది. బండి నడపడం నేర్చుకున్నాడు. ఒకనాడు భార్య సద్ది తెస్తే, ఆమెను ఎక్కించుకుని మైదానమంతా తిప్పాడు.

“దించు, నల్గురు జూస్తరు!” అని ఆమె కేకలు.

“జూడనీ. మన పెండ్లిల ఊరేగింపు లేకపాయె. గిప్పుడు ఎక్కు.”

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. అతను ప్రతి గోల్ఫ్ గుంత దగ్గరా ఆపి, అక్కడేదో దేవుడున్నట్టు దండం పెట్టి మళ్లీ నడిపాడు. నా నౌకరీలో నేను చేసిన ఏ పనీ అంత బాగా పని చేయలేదు.

ఉగాది దాటింది. ముల్లు వంగడం మొదలైంది.

పొద్దున బాగానే లేచేది. ఎండ ముదిరిన కొద్దీ పడుకునేది. మిట్టమధ్యాహ్నం, కాకి కూడా నీడ వెతుక్కునే వేళ, ముల్లు సున్నా వైపు చూసేది. బొగ్గు దుమ్ము పడిందని కడిగాం. తీగలు మార్చాం. బ్యాటరీల్లో నీళ్లు చూశాం. ఎండ పెరిగితే కరెంటు తగ్గుతుందన్న ఆలోచన మా తలల్లోకి రానే లేదు. పొయ్యిలో కట్టెలు ఎక్కువేస్తే అన్నం ఉడకదు అంటే ఎవరు నమ్ముతారు?

సరిగ్గా అప్పుడే హైదరాబాద్ నుంచి డైరెక్టరు సోలార్ బండ్లు చూడటానికి వస్తున్నాడని కబురు. వైశాఖం. ముందురోజు జోడీదారు షెడ్డులో నా పక్కన నిలబడి బండిని తట్టాడు.

“పటేలా, ఒక మాట. బండిని లాంప్ రూమ్‌కు తీస్కపోయి నింపుకొద్దాం. ఎవ్వలు జూస్తరు?”

“ఏందిరా? సూర్యుని బండికి దొంగ కరెంటా?”

“కరెంటుకు మొకముంటదా? రేపు బండి నడవాలె గద.”

“నడుస్తది. నేను చెప్తున్న గద, నడుస్తది. ఫికర్ జెయ్యకు.”

సంతలో ఆమె దాకా చెప్పుకున్నవాణ్ని, ఎట్లా ఒప్పుకుంటాను? అతను కుర్చీలో కూర్చుని పట్టీని బిగించుకున్నాడు.

మరునాడు పొద్దెక్కాక వచ్చారు. డైరెక్టరు, ఆయన వెంట ఇద్దరు ఇంజనీర్లు, పెద్దసారు. జోడీదారు ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని బండి ముందు కూర్చున్నాడు. అతని భార్య మజ్జిగ కుండ తెచ్చి దిగువన కంచె దగ్గర తడిగుడ్డ కప్పుకుని నిలబడింది. నేను షెడ్డులోనే ఉండి మీటరు గురించి ఇంజనీర్లకు ఉపన్యాసం ఇస్తున్నాను. వాళ్లు ఆవలించింది అప్పుడే. డైరెక్టరును, పెద్దసారును ఎక్కించుకుని బండి కదిలింది. మొదటి గుంత దాటింది. రెండోది దాటింది. అక్కడి నుంచి ఎత్తు మొదలవుతుంది. సగం ఎత్తులో నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, ఆగిపోయింది.

షెడ్డు నుంచి అక్కడికి చాలా దూరం. నడుమ ఎండ నీళ్లలాగా కదులుతోంది. అందులోంచి నేను చూసింది ఇది: ఖాకీ చొక్కా దిగింది. బండి వెనుక చేరింది. నడుం వంచింది. తోయడం మొదలుపెట్టింది.

ఊపిరి సగమున్న మనిషి ఆ ఎత్తులో బండిని తోశాడు. కుర్చీ పోతుందని తోశాడు. క్వార్టరు పోతుందని తోశాడు. నేను పరుగెత్తి పోయేసరికి బండి ఎత్తు దాటింది, అతను సీటులో వాలిపోయి దగ్గుతున్నాడు. మూతికి పెట్టుకున్న గుడ్డ ఎర్రగా ఉంది. డైరెక్టరు గొడుగు పట్టుకుని పక్కకు చూస్తున్నాడు.

అదే బండిలో పడుకోబెట్టి, దిగుడు కాబట్టి జారనిస్తూ రోడ్డు దాకా తెచ్చి, జీపులో ఆస్పత్రికి తీసుకుపోయాం. అతను మళ్లీ షెడ్డుకు రాలేదు. ఆస్పత్రికి నేను వెళ్లేవాణ్ని. వానల గురించి మాట్లాడుకునేవాళ్లం. బండి గురించి అతను ఎత్తలేదు, నేను అడగలేదు. ఒకసారి మాత్రం, “ముల్లు లేస్తున్నదా?” అన్నాడు.

“లేస్తున్నది,” అన్నాను. అబద్ధం. నా అబద్ధాల్లో పెద్దది అది కాదు గానీ, బరువైనది అదే.

మృగశిర కార్తె చినుకులకు పోయాడు. పెద్దసారు మాట తప్పలేదు, జోడీదారును బోర్డుకు పంపే అవసరం రాలేదు, అంతే.

అతన్ని సాగనంపి వచ్చిన రోజు నేను ఇంటికి పోలేదు. సాయంత్రం వెలుగుండగానే షెడ్డెక్కాను. వాన ఆగి కొత్త ఎండ కాస్తోంది. రేకు ముట్టుకుంటే వెచ్చగా ఉంది, కానీ చెయ్యి కాలలేదు. కిందికి దిగి చూస్తే ముల్లు నిలబడి ఉంది. ఆ సన్నటి ఎండకు! అప్పుడు తెలిసింది. ఎండ ఎక్కువై కాదు, వేడెక్కి పలక నీరసపడుతుంది. రేకుకు అతికించి, అటు సూర్యుడు ఇటు రేకు, రెండు పొయ్యిల మధ్య కాల్చాం దాన్ని. వెల్డరును పిలిపించి మరునాడే పలకలన్నింటినీ రేకు మీంచి జానెడు ఎత్తు లేపించాను, కింద గాలి తిరిగేటట్టు. జానెడు. దుకాణం వాడు చెప్పబోయింది బహుశా అదే.

ఆ తర్వాత అతను నడిపిన బండిని ఛార్జింగుకు పెట్టాను. దినాలయ్యేదాకా రోజూ పెట్టాను. ఎవరినీ ఎక్కనివ్వలేదు. ఆటకు వచ్చిన ఆఫీసర్లు అడిగితే బండి ఖరాబైందన్నాను. పెద్దసారు ఒకరోజు వచ్చి మీటరు చూశారు, నిండిన బండిని చూశారు, ఖాళీ కుర్చీని చూశారు. ఆ గుంతలన్నీ నడిచే తిరిగారు. ఆయన లాంప్ రూమ్ ఆచారం తెలిసినవాడని నాకు ఆనాడే తెలిసింది.

తర్వాత ఆయన బదిలీ అయ్యారు. కొత్తసారుకు గోల్ఫ్ రాదు. గడ్డి ఎండింది, బండ్లు స్టోరుకు పోయాయి, పలకలు ఎటు పోయాయో అడగకండి. గుట్ట కింది బొగ్గు కోసం గని వాళ్లు గుట్టను కూడా తవ్వేశారు. సూర్యుణ్ని నౌకరీలో పెట్టానన్నాను. మిత్రుణ్ని నౌకరీలో నిలుపుకోలేకపోయాను. నా పంతం వల్ల, నా గొప్పల వల్ల, ఒక రాత్రి దొంగ కరెంటుకు ఒప్పుకోనందువల్ల ఒక మనిషి ఆ ఎత్తులో బండి తోసి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇది నా కథ. చిన్నవాళ్లు చదివి బుద్ధి తెచ్చుకుంటారని రాశాను.

ఇంతవరకు రాసి, పత్రికకు పంపే ముందు జోడీదారు భార్యకు చదివి వినిపించాలని మంచిర్యాల పోయాను. భర్త పోయాక గని ఆమెకు ఆస్పత్రిలో పని ఇచ్చింది. ఆ పనిచేసి రిటైరై, ఇప్పుడు రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నేను చదువుతుంటే చింతపండు గింజలు తీస్తూ విన్నది. పుష్యమాసం దగ్గర చేయి ఆపింది. మళ్లీ తీసింది. చివరికి నేను కళ్లజోడు తుడుచుకుంటుంటే అడిగింది:

“అయిపాయెనా?”

“అయింది చెల్లె.”

“ఆయన బండి తోసినట్టు ఎవలు చెప్పిండ్రు?”

“నా కండ్లతోని నేను చూసిన.”

“ఏం జూసినవ్? నువ్వు షెడ్డుల ఉపన్యాసం చెప్తుంటివి. నేను కంచె కాడ, బండికి దగ్గరనే ఉంటి. ఆయన దిగనే దిగలే. దిగితె మల్ల ఎక్కుడు చాతగాదని సీట్లనే కూసున్నడు. దిగింది మీ పెద్దసారు. ఆయన గూడ ఖాకీ అంగే ఏసుకునె. గా డైరెక్టరు గొడుగు పక్కన వెట్టి ఒక చెయ్యేసిండు.”

నేను కాగితాల వైపు చూశాను. వాటిలో ఎక్కడా పెద్దసారు చొక్కా రంగు లేదు.

“దవాఖానల అదే చెప్పుకుంట నవ్వెటోడు. ‘మన పెండ్లికి ఎడ్లు గూడ దొరకలే, గియాల ఇద్దరు సార్లు నన్ను తోసిండ్రు’ అని. నవ్వితె దగ్గొచ్చేది. దగ్గితె నెత్తురు పడేది. నవ్వకయ్యా అంటె ఇనకపోతుండె.”

“నాకెందుకు చెప్పలే?”

“నీకు చెప్తె ఊరంత చెప్తవ్. సార్ల ఇజ్జత్ పోతదని చెప్పలే.”

చింతగింజ ఒకటి గిన్నెలోకి విసిరింది.

“పద్నాలుగేండ్లు కింద బొగ్గు దుమ్ము తిన్నడు, పైన యాసిడ్ తాగిండు. డాక్టర్ పుష్యం ముందలనే చెప్పిండు నాకు, ఎండకాలం దాటడని. నువ్వు ఏసిన కుర్చీల ఒక సలికాలం కూసున్నడు. నువ్వు జేసింది గంతే. గదే రాయి.”

“మరి నా పంతం, నా తప్పు…”

“నువ్వు ఆయనను చంపలే అన్నా. గంత పెద్ద పని నీతోని కాదు.”